యువక్రీడాకారులును మన తొందరపాటును

శనివారము మధ్యాహ్నము మూడు గంటల వేళ ఆర్మూరు పట్టణమున, 44వ, 63వ జాతీయ రహదారులు కలియు కూడలికి చేరువనున్న యే చాయ హోటలునందైనను క్షణకాలము నిలిచి చూచినచో ఒక వింత వ్యాపారము కంటబడును. ఒక బల్లయొద్ద పసుపు బేరగాండ్రు కొమ్ము ధర యెంత, మండ ధర యెంత యని లెక్కలు వేసికొనుచుందురు. ప్రక్కబల్లయొద్ద నలుగురైదుగురు యువకులు సెల్‌ఫోనులపై తలలు వంచి, అంతకంటెను దీక్షతో బేరములాడుచుందురు. "గీ పోరడు మూడు వారాల సంది ఒక్క గోలు కొట్టలే, తీసెయ్‌రా" యని యొకడు. "తీసేసిన, ఇగ ఎవల్ని పెట్టాలె" యని మఱియొకడు. అక్కడ అమ్ముడుపోవుచున్నది పసుపు కాదు, పశువు కాదు. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు ఆటగాండ్రు. కొనువారు ఆ యాటగాండ్రను కన్నులారా చూచి యెఱుగరు. అమ్మబడువారికి ఆర్మూరను నూరొకటి కలదని తెలియదు. అయినను గడువు ముగియులోపల క్రయవిక్రయములు పూర్తి కావలెను. వారమున మొదటి పోటీకి గంటన్నర ముందు తలుపు మూతపడును.

దీనినే ఫ్యాంటసీ ఫుట్‌బాలు అందురు. మనము ఊహాజట్ల యాట యనవచ్చును. 1962లో అమెరికా దేశపు ఓక్లండు పట్టణమునకు చెందిన విల్‌ఫ్రెడ్ వింకెన్‌బాక్ అనువాడును ఆయన మిత్రులును తమ దేశపు ఫుట్‌బాలునకై కల్పించుకొన్న కాలక్షేపమునుండి యిది పుట్టి, ఖండములు దాటినది. నేడు మన పిల్లలలో వ్యాప్తి గాంచినది ఇంగ్లీషు ప్రీమియర్ లీగునకు సంబంధించినది. ప్రతివాడును తనచేత పదికోట్ల పౌనుల ఊహాధనము కలదని భావించి, ఇద్దరు గోల్‌కీపర్లను, ఐదుగురు రక్షకులను, ఐదుగురు మధ్యవరుసవారిని, ముగ్గురు ముందువరుసవారిని, వెరసి 15 మందిని ఎన్నుకొనవలెను. ఏ యొక్క క్లబ్బునుండియు ముగ్గురికి మించి తీసికొనరాదు. నిజమైన పోటీలలో ఆ యాటగాండ్రు చేసిన పనినిబట్టి పాయింట్లు వచ్చును. వారమున కొకనిని ఉచితముగా మార్చుకొనవచ్చును; ఉన్న వాయిదాలకు మించి మార్చినచో తలకు నాలుగేసి పాయింట్లు కోత.

ఇందు డబ్బు ఒడ్డుట లేదు. డబ్బొడ్డి యాడు ఊహాజట్ల విషయము వేఱు. 1974 నాటి జూదనిరోధ చట్టమును 2017లో సవరించి మన రాష్ట్రము దానిని నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్రశాసనము దేశమంతటను నిషేధించినది. జూదమువలన పొలములు పోగొట్టుకొన్న కుటుంబములను ఎఱిగినవా రెవరును ఇందుకు చింతింపరు. మేము చెప్పబోవునది డబ్బు లేని యాటనుగూర్చియే.

ఆ యాటను తెగడుటయు మా యుద్దేశము కాదు. పరిమితమైన ధనముతో పదునేవురిని సమకూర్చుకొనుట యొక లెక్క. ఆ లెక్క నేర్చినవాడు రేపు తన యింటి లెక్కయు నేర్వవచ్చును. మా యభ్యంతరమెల్ల ఆ యాటయందు మన యువకులు తమకంటె చిన్నవారిని చూచు తీరునుగూర్చి.

ఆగస్టులో పోటీలు ప్రారంభమగునపుడు పదునెనిమిది, పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాని నొకనిని "వీడు రేపటి మేటి" యని చౌకధరకు తీసికొందురు. వాడు మొదటివారము ఎనుబదియవ నిమిషమున మైదానములో దిగి యొక పాయింటు తెచ్చును. రెండవవారము అసలు దిగడు. మూడవవారము చక్కని యవకాశము చిక్కగా బంతిని గోలుస్తంభమునకు కొట్టును. నాల్గవవారమునకు వాడు జట్టులో నుండడు. లక్షలమంది యిట్లే వదలివేయగా ఆ పట్టికయందు వాని ధరయు దిగజారును. చలికాలము గడచి ఫిబ్రవరి వచ్చునప్పటికి వాడే ప్రతిపోటీయందును మొదటినుండి తుదివఱకు ఆడుచుండును. అప్పుడు వదలినవారే వెనుకటికంటె హెచ్చుధర యిచ్చి, పైగా నాలుగు పాయింట్లు కోల్పోయి, మరల తెచ్చుకొందురు. మా యింటనే యొక యువకుడు ఇట్లు చేసి, ఏమిరా యిదియని యడుగగా, "అప్పుడు వాడు బాగా ఆడలేదు, ఇప్పుడు ఆడుచున్నాడు" అని సమాధానము చెప్పెను. వాడు ఆడకపోలేదు నాయనా, వాని యాట చూచుటకు నీకు తీరిక లేకపోయినది. నీవు చూచినది పాయింట్ల పట్టికను మాత్రమే.

ఆ పట్టిక ధర్మమేమో కొంచెము విచారింతము. అఱువది నిమిషములు ఆడినవానికి రెండు పాయింట్లు, అంతకు తక్కువైనచో ఒకటి. ముందువరుసవాడు గోలు చేసిన నాలుగు, మధ్యవరుసవాడు చేసిన ఐదు, గోలునకు బంతి యందించినవానికి మూడు. 2025–26 పోటీలనుండి రక్షణకృషికిగూడ రెండు పాయింట్లిచ్చుచున్నారు. అది మంచి మార్పే. అయినను పందొమ్మిదేండ్లవాడు ఎదుటి రక్షకుని రెండుమార్లు తప్పించి, మూడవమారు బంతి పోగొట్టుకొని, దెబ్బతిని లేచి, నాల్గవమారు బంతిని ఎప్పుడు విడువవలెనో గ్రహించినచో, ఆ గ్రహింపునకు ఏ పట్టికయందును గడి లేదు. యువకుని మొదటి రెండేండ్లలో అతనివద్ద నుండునది చాలవఱకు ఆ గ్రహింపు మాత్రమే. ఫలము తరువాత వచ్చును. ఫలమును మాత్రమే లెక్కపెట్టు పట్టిక ముందుంచుకొని విత్తును తూచిన తూకమెట్లు నిలుచును?

గారెత్ బేల్ అను వేల్సుదేశపు యువకుని వృత్తాంతము ఫుట్‌బాలు ప్రియు లెఱిగినదే. 2007లో పదునేడేండ్ల ప్రాయమున టాటెన్‌హామ్ క్లబ్బు అతనిని తెచ్చుకొన్నది. ఆ తరువాత అతడు ఆడిన 24 లీగు పోటీలలో ఒక్కటైనను ఆ జట్టు గెలువలేదు. నడుమ గాయములు. అభిమానులు అతని నొక దుశ్శకునముగా నెంచిరి. పాపము, బంతికంటె శకునమే వారికి స్పష్టముగా కనబడెను. 2009 సెప్టెంబరులోగాని ఆ ముడి వీడలేదు. ఆ మీదట 2011లోను 2013లోను తోడి యాటగాండ్రే అతనిని ఆ యేటి యుత్తముడుగా ఎన్నుకొనిరి. 2013లోనే స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ క్లబ్బు అతనికై అంతవఱకు వినని మూల్యము చెల్లించెను. ఊహాజట్టు గలవాడు 24 వారములు అతనిని భరించియుండునా? ఇరువదినాలుగు కాదు, నాలుగువారములు భరించినను మేము మెచ్చుకొందుము.

ఈజిప్టు దేశీయుడైన మొహమ్మద్ సలా 2014 జనవరిలో చెల్సీ క్లబ్బునకు వచ్చి, అచ్చట ఎక్కువకాలము బల్లమీద కూర్చుండి, ఇటలీకి వెడలిపోయెను. చెల్సీవారి దృష్టిలో అతడు తీరిపోయిన లెక్క. 2017లో లివర్‌పూలునకు వచ్చిన తొలియేడే లీగున 32 గోలులు చేసెను. 2024–25లో ఊహాజట్ల యాటయందు అతడు తెచ్చిన 344 పాయింట్లకు మించి అంతకుముందు ఏ యాటగాడును ఒక్కయేట తేలేదు. అదే చెల్సీ అదే 2014 జనవరిలో కెవిన్ డి బ్రోయిన్ అను బెల్జియము యువకునిగూడ జర్మనీ క్లబ్బునకు అమ్మివేసినది. ఏడాదిన్నర గడచి మాంచెస్టరు సిటీ అతనిని బహుమూల్యమునకు కొనితెచ్చుకొనవలసివచ్చినది. కోట్ల జీతములు పుచ్చుకొను నిపుణులే యిట్లు పొరబడగా చాయ హోటలులోని మనవానిని తప్పుపట్టుట భావ్యమా యని యెవరైన నడుగవచ్చును. భావ్యమే, ఏలయన మనవాడు పసుపు పండించు ఇంట పుట్టినవాడు.

పసుపు సంగతి ఈ పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు; అయినను ప్రస్తుతమునకు కావలసినంత చెప్పుదుము. మృగశిర కార్తెలో, బోదెలపైన నాటుదుము. నడుమ మొక్కజొన్న వేయుదుము. మొక్కజొన్న కంకి విఱిచి ఇంటికి తెచ్చుకొనునప్పటికి పసుపు ఇంకను ఆకుగానే యుండును. పసుపులో మఱల జాతులు. కస్తూరిజాతి యేడునెలలకు వచ్చును. కేసరిజాతి యెనిమిదినెలలు పట్టును. దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు, మన యూరిపేరు ధరించిన ఆర్మూరు రకము, ఇవి తొమ్మిదినెలల పంటలు. ప్రక్కచేనివాడు కస్తూరి త్రవ్వుచున్నాడుగదా యని తన ఆర్మూరు రకమును ఏడవనెలలో త్రవ్వినవాని నెవరైనను చూచితిరా? త్రవ్వినచో వానికి దొరకునది నీటిదుంప. ఉడుకబెట్టి ఎండబోసినప్పుడు అది ముడుచుకొని తూకము తగ్గును, రంగు నిలువదు. ఆ నష్టమును తాత చెప్పగా విని, తండ్రి చేయగా చూచి పెరిగిన పిల్లవాడు, పదునెనిమిదేండ్ల ఆటగాని యెడ మాత్రము మూడువారములకే పలుగు పుచ్చుకొనుచున్నాడు.

అట్లని ఆలస్యమైన ప్రతివాడును దీర్ఘకాలపు పంటయే యనుకొనుటయు పొరబాటు. దుంపకుళ్లు పట్టిన మొక్కకు తొమ్మిదినెలలు గాదు, తొమ్మిదేండ్లు నీరు పెట్టినను కొమ్ము రాదు. ఓర్పనగా కన్నులు మూసికొనియుండుట కాదు. రైతు ఓర్పు దినదినమును చేనిగట్టున తిరుగు ఓర్పు. ఆకు అంచులు పండుబారినవా, కాండము మొదలు నీరుపట్టి మెత్తబడినదా, పట్టి లాగిన ఊడివచ్చుచున్నదా యని చూచును. ఊడివచ్చినచో జాలిపడడు, పీకి పాఱవైచి, ఆ చోట మందు పోయును. పైకి ఆకు పొట్టిగా నున్నను మొదలు గట్టిగా నున్నచో వదలిపెట్టును.

ఆటగానియందును మొదలు చూచు మార్గములు కలవు. వాడు గోలు చేసెనా యని కాక, నెలనెలకు వాడు మైదానమున నుండు నిమిషములు పెరుగుచున్నవా యని మొదట చూడవలెను. శిక్షకుడు వానిని సులభమైన పోటీల చివరి పది నిమిషములకే దింపుచున్నాడా, కఠినమైన పోటీయందును నమ్ముచున్నాడా? వాడు గోలునకు చేరువగా పోయి తప్పుచున్నాడా, అసలు ఆ చోటికే పోలేకున్నాడా? ఈ రెంటికిని పట్టికయందు ఒకే సున్న కనబడును. నిజమునకు రెంటికిని హస్తిమశకాంతరము. అవకాశములు తెచ్చుకొని తప్పువాడు నేడు కాకున్న రేపు కొట్టును. అవకాశమే తెచ్చుకొనలేనివాని విషయము ఆలోచింపదగినది. వాని స్థానమున వానికంటె ముందున్నవా డెవడు? ముప్పదిమూడేండ్లవాడైనచో త్రోవ తెరచుకొనును. ఇరువదినాలుగేండ్లవాడైనచో ఈ కుఱ్ఱవానికి వేఱొక క్లబ్బే దిక్కు కావచ్చును. గాయమా, ఇంటికి దూరమై వచ్చిన బెంగయా, కొత్త శిక్షకుని పద్ధతియా? ఇవి విచారించినవాడు ఎనిమిదివారముల తరువాత ఒకనిని వదలినను మేము నిందింపము. విచారింపక మూడువారములకే వదలినవానిని నిందింతుము. ఆ వదలబడినవాడు తరువాత రాణింపకపోయినను నిందింతుము.

ఒక సంగతిగూడ చెప్పవలెను. పదునేవురిలో ఆ వారము పాయింట్లు తెచ్చువారు పదునొకండుగురే. నలుగురు బల్లమీద కూర్చుందురు. ఆ నలుగురిలో ఒక్కనికి చోటిచ్చి ఆరునెలలు ఉంచుకొనుటకు ఎవరి సొమ్మును పోదు. ఎకరములో పది సాళ్లు విత్తనమునకై విడిచినవాడు దివాలా తీసెనని మేము వినలేదు. చేనంతయు విత్తనమునకే విడిచినవాడు తీయును. అదియు నిజమే, నలుగురును కుఱ్ఱవారే యైనచో ఆ జట్టు గాయముల కాలమున మునుగును. అమెరికాలో ఊహాజట్లయందు ఇంకొక తీరు కలదు. అందు జట్టు ఏటికేడు చెదరిపోదు. ఒకమారు తీసికొన్నవానిని యేండ్ల తరబడి ఉంచుకొనవచ్చును. పక్వము కాని యువకులకై అసలు జట్టునకు వెలుపల ప్రత్యేకమైన పంక్తియే యుండును. మన యువకులు తమలో తాము ఆడుకొనునపుడు అట్టి నియమ మొకటి చేసికొన్నచో ఆటయు రుచించును, బుద్ధియు నిలుచును.

ఇంగ్లండు కుఱ్ఱవాడు మన చాయ హోటలునందు బేరమునకు వచ్చిననేమి, పోయిననేమి, దీనికై పత్రికయందు ఇంత స్థలము వెచ్చింపవలెనా యని కొందఱు పెద్దలు విసుగుకొనవచ్చును. ఆ కుఱ్ఱవానికి నష్టము లేదు; వానికి ఆర్మూరు వదలినట్లే తెలియదు. నష్టము మనకు. వారమువారము తీసివేయుట కలవాటుపడిన చేయి సెల్‌ఫోను జేబులో పెట్టినంతమాత్రమున ఊరకుండదు. ఆ యువకులే రేపు బడులలో వ్యాయామోపాధ్యాయులగుదురు, క్రీడాసంఘములలో ఎంపికదారులగుదురు, పిల్లల తండ్రులగుదురు. వారికంటె ముందు పుట్టిన మనము, ఏ ఊహాజట్టు ఎఱుగకయే, ఆ పనిని చిరకాలముగా చేయుచున్నాము.

బడిపిల్లల పోటీలు పదునాలుగేండ్లలోపు, పదునేడేండ్లలోపు, పందొమ్మిదేండ్లలోపు అని మూడు తెగలుగా జరుగును. పదునాలుగేండ్లలోపు జట్టునకు ఎంపిక జరుగు దినమున మైదానమునకు పోయి చూడుడు. ఒకే తెగలో జనవరియందు పుట్టినవాడును డిసెంబరునందు పుట్టినవాడును పక్కపక్కనే నిలుచుందురు. పదుమూడేండ్ల ప్రాయమున పదునొకండు నెలల యంతర మనగా నొకని భుజము మఱొకని తలకు వచ్చును. ఎంపికదారునికి అరగంట వ్యవధి. పొడుగువానిని ఏరును, పొట్టివానిని ఇంటికి పంపును. ఏరబడినవానికి శిక్షణ, ప్రయాణము, పోటీ; వాడు నిజముగానే మెఱుగుపడును. మఱుసటియేడు ఎంపికదారుడు "నా కన్ను తప్పదు" అని మురియును. పంపివేయబడినవాడు ఆట మానును. కెనడా దేశమున 1980 తరువాతి సంవత్సరములలో ఐసుహాకీ యువజట్ల పుట్టినతేదీలు పరిశీలింపగా, సంవత్సరపు తొలినెలలలో పుట్టినవారే అత్యధికముగా కనబడిరి. అచ్చట తెగలకు హద్దు జనవరి మొదటితేదీ. విధాత జనవరిలోనే ప్రతిభను పంచునా? తరువాత ఇతర దేశములలో ఫుట్‌బాలునందును ఇదే కనుగొనబడినది. మన జిల్లాలోని ఎంపికపట్టికలను ముందుంచుకొని పుట్టినతేదీలు చూచుటకు ఏ వ్యాయామోపాధ్యాయునకైనను ఒక సాయంకాలము చాలును.

ఈ జిల్లాయే కనిపెంచిన నిఖత్ జరీన్ చరిత్రను తొందరపాటు గలవారు ఒక్కమారు మననము చేయవలెను. ఫుట్‌బాలు గాదు, ముష్టియుద్ధము. అయినను మట్టి యొకటే. నిజామాబాదున 1996లో పుట్టిన ఆ బాలిక 2011లో టర్కీదేశమున జూనియరు ప్రపంచవిజేత యయ్యెను. మఱునాడే సీనియరు కిరీటము వచ్చునని యెదురుచూచినవారికి ఆశాభంగమే మిగిలెను. 2013లో యువతుల ప్రపంచపోటీయందు రజతము. 2017లో భుజమునకు గాయము. మాసముల తరబడి బరికి దూరము. 2019 డిసెంబరులో, తనకును పరీక్షపోటీ పెట్టవలెనని బహిరంగముగా కోరి, ఆ పోటీయందు సుప్రసిద్ధురాలగు మేరీకోమ్ చేతిలో 9–1గా ఓడెను. ఆ సాయంకాలము ఊహాజట్టు గలవాడెవడైన నున్నచో ఆమెను ఉంచుకొనెడివాడా? 2022 మే నెలలో ఇస్తాంబులునందు ఆమె సీనియరు ప్రపంచవిజేత. 2023 మార్చిలో ఢిల్లీయందు మఱల విజేత. జూనియరు పతకమునకును సీనియరు పతకమునకును నడుమ పదునొకం డేండ్లు! ఆ కాలమున మన చేలలో పదునొకండు పసుపుపంటలు త్రవ్వి, ఉడికించి, అమ్ముకొంటిమి. ఆ యేండ్లన్నియు ఆ యింటివారు వేచియుండిరి. తండ్రియు పూర్వము ఫుట్‌బాలు, క్రికెట్టు ఆడినవాడగుట వలన కాబోలు, ఆటయందు కాలమెట్లు నడచునో ఆయన ఎఱుగును.

ఫుట్‌బాలునకే వత్తము. మన జిల్లాలోని లంబాడీ కుటుంబమున 2001లో పుట్టిన గుగులోతు సౌమ్య, కేరళలోని గోకులం జట్టునకు ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డినామో జాగ్రెబ్ మహిళాజట్టున చేరి, తిరిగివచ్చి కలకత్తా ఈస్టు బెంగాలు జట్టులో ఆడెను. 2024–25లో ఆ జట్టు దేశమహిళా లీగును గెలిచినది. అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య ఆ యేటి యుత్తమ క్రీడాకారిణిగా సౌమ్యనే ఎన్నుకొన్నది. బర్మింగుహాము క్లబ్బున బల్లమీద నున్న కుఱ్ఱవాని ధర పది పైసలు తగ్గిన సంగతి నెఱిగిన మన యువకులలో ఎందఱికి ఈ పేరు తెలియును? తండాలోని బాలికకు మొట్టమొదట ఎవరో బంతి యిచ్చిరి; తరువాత కొన్ని సంవత్సరములు ఎవరో ఉదయమున మైదానమునకు రమ్మని పిలిచిరి; వచ్చిన దినమును రాని దినమును గమనించిరి. ఆ సంవత్సరములకు పాయింట్లు వేయువా రెవరును లేరు.

ఇట్టి ఓర్పు మన తెలుగునేలకు క్రొత్తదియు కాదు. హైదరాబాదులో బడిపంతులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీము నగర పోలీసు జట్టును తీర్చిదిద్దగా, ఆ జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడల స్వర్ణమును, 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాల్గవస్థానమును పొందినది. ఆయన కుఱ్ఱవారికై ఏర్పరచిన పోటీలు విచిత్రములు: ఒకదానియందు బంతిని కాలితో తిప్పుకొనుచు పోరాదు, అందినవెంటనే విడువవలెను, ఇంకొకదానియందు చేతకాని కాలితోనే కొట్టవలెను. చేతకాని కాలితో కొట్టించిన పోటీలో గోలులు తక్కువ పడును. గోలులకై తొందరపడువాడు అట్టి పోటీ పెట్టడు. సికిందరాబాదు చేరువ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అను పేదయింటి కుఱ్ఱవాడు దినమును అంతదూరము వచ్చి సాధన చేయుటకు డబ్బు లేదని చెప్పగా, అద్దె సైకిలునకై రహీము తన చేతినుండి డబ్బిచ్చుచుండెనని బలరామే తరువాత చెప్పియున్నాడు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్సులలో ఆడెను. 1962లో స్వర్ణము తెచ్చిన జట్టులో నుండెను. 1963లో రహీము మరణించెను. 1960 తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్సు మైదానమున అడుగుపెట్టలేదు. 1911లో మోహన్ బగాను జట్టు తెల్లసిపాయిల జట్టును ఓడించి షీల్డు గెలిచినప్పుడు దేశమంతయు పొంగినది. 2025 అక్టోబరులో సింగపూరు చేతిలో సొంతగడ్డపై ఓడి, 2027 ఆసియా కప్పునకు మనజట్టు అర్హత కోల్పోయినప్పుడు దేశము నొచ్చుకొన్నట్లు కూడ కనబడలేదు. శిక్షకులను మార్చితిమి, సంఘములను మార్చితిమి, లీగుల పేర్లు మార్చితిమి. పదుమూడేండ్లవానిని ఇరువదిమూడేండ్లవఱకు చేయిపట్టి నడిపించుట మాత్రము మఱచితిమి.

ఇచ్చట ఒక యపార్థమునకు తావీయరాదు. ఓర్పనిన చాలు, అధికారులు చెవులు నిక్కించి "మేమును అదియే చెప్పుచున్నాము, ఓర్పు వహింపుడు" అందురు. పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గమునకు 1993లో పునాదిరాయి పడగా, ఆర్మూరుమీదుగా నిజామాబాదు చేరుటకు 2017 వచ్చినది. పసుపుబోర్డు కావలెనని, గిట్టుబాటుధర కావలెనని 2019 ఎన్నికలలో 178 మంది రైతులు నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185. బోర్డు ప్రకటన 2023లో వచ్చినది, ప్రారంభము 2025 జనవరి 14న జరిగినది. మా ఓర్పు చాలదనువాడు ఆర్మూరునకు రావలెను! రైలునకు వేచియుండుట మాకు ఇష్టమై కాదు, వేఱుదారి లేక. పట్టాలకు బాల్యము లేదు, దస్త్రములకు ఎముకలు పెరుగనక్కఱలేదు. వానియందు ఆలస్యము కేవలము ఆలస్యమే. పిల్లవానియందు ఆలస్యము పెరుగుదల. మొదటిదానిని సహించి రెండవదానిని సహింపకపోవుట మన దేశపు వింత.

పొలములు గల గృహస్థులను, పట్టణమునందలి వర్తకులను ఉద్దేశించి ఒక్కమాట. ఆడుచున్న పిల్లవానిని పదవతరగతి రాగానే మైదానమునుండి పిలిచివేయుట మన యిండ్లలో ఆచారమైనది. రెండేండ్లు ఇంటరు చదువు ముగిసినపిదప ఆడుకొనవచ్చునందురు. పదునైదవయేట విడిచిన కాలు పదునేడవయేట తిరిగివచ్చినప్పుడు అది ఆ కాలు కాదు. అందఱును సౌమ్యలు, జరీనులు కారని మేమెఱుగుదుము. నూటికి తొంబదితొమ్మండ్రు కారు. ఆ నూరవవా డెవడో పదునైదవయేట తండ్రికి తెలియదు, శిక్షకునికి తెలియదు, వానికే తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు త్రెంచివేయుటయే మా వేదన. ఉదయమున గంటన్నర యాటవలన చదువు చెడిన పిల్లలకంటె, ఆ గంటన్నర సెల్‌ఫోనునకిచ్చి చెడిన పిల్లలే మాకు ఎక్కువగా కనబడుచున్నారు.

చేయదగిన పని పెద్దది కాదు. ఎంపిక ముగిసిన పిదప ఏరబడని పిల్లల పేర్లు చించి పాఱవేయక, పుట్టినతేదీతోను ఎత్తుతోను ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆరునెలల కొకమారు వారిని మరల పిలిచి చూడవలెను. డిసెంబరు పిల్లలను జనవరి పిల్లలతో గాక తమలో తమను ఆడించి చూడవలెను. రెండవజట్టునకును బంతులు, బూట్లు, ఉదయమున రెండు గ్రుడ్లు కావలెను. ఇద్దఱు ముగ్గురు ఆసాములు పూనుకొన్నచో ఈ వ్యయము పసుపు ఉడికించు కూలికంటె హెచ్చు కాదు. వ్యాయామోపాధ్యాయు డొక్కడే ఇదంతయు చేయలేడు. అనేక బడులలో ఆ యొక్కడును లేడు.

చాయ హోటలునందలి యువకులు ఈ పనికి మిక్కిలి తగినవారని మా నమ్మకము. వారికి పేర్లు గుర్తుండును, నిమిషములు లెక్కపెట్టుట వచ్చును, ఎవడు ఏ స్థానమున ఆడునో చెప్పగలరు, వారమువారము పట్టిక విడువక వ్రాయగలరు. శనివారము మూడున్నరకు వారి గడువు ముగియును. అక్కడినుండి బడి మైదానమునకు నడచిపోవుటకు ఎంతోసేపు పట్టదు. నాలుగున్నరకు పిల్లలు వత్తురు; వారిలో అందఱికంటె పొట్టివాడు, క్రిందటియేడు ఇంటికి పంపివేయబడినవాడు, ఇంకను వచ్చుచున్నచో, వాడు ఎన్ని నిమిషములు ఆడెనో ఈ వారమునుండియే వ్రాయవచ్చును.